నాలుగు కప్పుల్లో రెండు సముద్రాలు

అట్లాంటిక్ ఓడల మీద ఎండురొట్టెతో మొదలైన చౌడర్, పసిఫిక్ తీరపు సియాటిల్‌లో నాలుగు చిన్న కప్పులుగా ఒకే పళ్లెంలో వడ్డనకు వస్తోంది. ఆ కప్పులను వరుసగా రుచి చూడటమంటే ఒక వంటకం రెండున్నర శతాబ్దాలకు పైగా చేసిన ప్రయాణాన్ని చదవటమే.

చేపలనో గుల్లలనో ఉల్లిపాయతో, ఉప్పులో నిల్వచేసిన పంది కొవ్వుతో, బంగాళాదుంపతోనో ఎండురొట్టెతోనో కలిపి, ముక్క ముక్కగానే మిగిలేటట్టు చిక్కగా ఉడికించే వంటకాన్ని ఉత్తర అమెరికా తూర్పు తీరంలో చౌడర్ అంటారు. ఇది సూప్ కంటే బరువైనది, కూర కంటే పలచనిది. ఇందులో చెంచాకు తగిలే ముక్కకు ఎంత విలువ ఉందో, ఆ ముక్కను పట్టి ఉంచే చిక్కదనానికీ అంతే విలువ ఉంది. ఒక్క గిన్నె తింటే ఒక పూట గడిచిపోతుంది. జాలర్లు, ఓడ కూలీలు ఆకలి తీర్చుకోవటానికి వండుకున్న ఈ పదార్థం నేడు అమెరికా అంతటా సాధారణ హోటళ్లలో, కాగితపు కప్పుల్లో, నిలబడి తినేవారికి సైతం అందుబాటులో ఉంది.

దీనిలోని రకాలను పక్కపక్కన పెట్టి పోల్చుకోవటానికి సియాటిల్ నగరంలోని పైక్ ప్లేస్ మార్కెట్ అనువైన చోటు. 1907 ఆగస్టు 17న రైతులు తమ పంటను నేరుగా అమ్ముకునే సంతగా మొదలైన ఈ మార్కెట్‌ను, పునర్నిర్మాణం పేరిట చాలావరకు తొలగించాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, 1971లో నగర ప్రజలు ఓటు వేసి కాపాడుకున్నారు. దాని పక్కనే పోస్ట్ ఆలీ అనే ఇరుకు సందులో 2003లో ప్రారంభమైన పైక్ ప్లేస్ చౌడర్ అనే చిన్న హోటల్, రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని న్యూపోర్ట్‌లో జరిగిన గ్రేట్ చౌడర్ కుక్ ఆఫ్ పోటీలో పలుమార్లు గెలిచి పేరు తెచ్చుకుంది. పసిఫిక్ తీరపు వంటవారు దేశం ఈ కొసనుంచి ఆ కొసకు వెళ్లి, అట్లాంటిక్ తీరంవారి సొంత వంటకంతో వారి గడ్డమీదే నెగ్గటం చిన్న సంగతి కాదు. అక్కడ శాంప్లర్ పేరుతో నాలుగు రకాల చౌడర్లను నాలుగు చిన్న కప్పుల్లో ఒకేసారి ఇస్తారు. ఏ నాలుగు కావాలో ఎంచుకునే స్వేచ్ఛ తినేవారిదే.

ఆ కప్పులను పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఒకటి తెల్లగా, ఒకటి ఎర్రగా, ఒకటి లేత నారింజ రంగులో కనిపిస్తుంది. ఒకదానిలో పంది కొవ్వు, ఇంకొకదానిలో కొబ్బరి పాలు ఉంటాయి. అయినా అన్నిటి పేరూ చౌడరే కావటానికి కారణం వాటి దినుసుల్లో దొరకదు. చౌడర్‌కు మార్పులేని దినుసుల జాబితా ఏనాడూ లేదు. తరం నుంచి తరానికి అందినది వండే పద్ధతి ఒక్కటే. అసలైన చౌడర్ ఏదన్న పాత తగాదాకు జవాబు కూడా ఈ సంగతిలోనే ఉంది.

ఓడ మీద పేర్చిన పొరలు

చౌడర్ అనే మాట ఫ్రెంచి భాషలో పెద్ద వంటపాత్రకు వాడే షోడియేర్ అనే పదం నుంచి వచ్చిందన్నది ఎక్కువమంది అంగీకరించే అభిప్రాయం. ఇంగ్లండ్ నైరుతి ప్రాంతంలో తిరిగి చేపలు అమ్ముకునేవారిని జౌటర్ అనేవారనీ, ఆ మాటే ఇలా మారిందనీ మరో వాదం ఉంది. మొదటి అభిప్రాయమే నిజమైతే వంటకానికి పాత్ర పేరు స్థిరపడినట్టు. అరకు లోయలో వెదురు బొంగులో కాల్చిన కోడిమాంసం బొంగులో చికెన్ అయినట్టే, ఫ్రాన్స్ నుంచి వేటకు వచ్చిన జాలర్లు న్యూఫౌండ్‌లాండ్ తీరంలో ఉమ్మడి పాత్రలో వండుకున్నది చౌడర్ అయి ఉంటుంది.

అమెరికాలో అచ్చయిన తొలి చౌడర్ వంటవిధానం 1751 సెప్టెంబరు 23న బోస్టన్ ఈవెనింగ్ పోస్ట్ పత్రికలో పద్యరూపంలో వెలువడింది. ఆ విధానం ప్రకారం పాత్ర అడుగున ముందు ఉల్లిపాయలు పరిచి, వాటిపైన పంది మాంసపు పలుచని ముక్కలు, ఆపైన చేప, సువాసన ఆకులు, నానబెట్టిన బిస్కట్ వేసి, పాత్ర నిండేదాకా అదే వరుసను మళ్లీ మళ్లీ పేర్చి, ఎర్ర ద్రాక్షసారా, నీళ్లు పోసి ఉడికించాలి. ఇందులో కలపటం లేదు, పేర్చటమే ఉంది. బిర్యానీ వండేవారు మాంసం మీద అన్నం పరిచి దమ్ముకు పెట్టినట్టు, ఓడ వంటవాడు పొర మీద పొర వేసి నిప్పుకు వదిలేసేవాడు. ఉల్లి కిందుండటం వల్ల పంది మాంసం అడుగంటదు, కొవ్వు కరిగి దిగువకు జారుతుంది, బిస్కట్ ఆ రసాన్ని పీల్చుకుని మొత్తాన్ని చిక్కబరుస్తుంది.

ఇక్కడి బిస్కట్ టీలో ముంచుకునే తియ్యని బిస్కట్ వంటిది కాదు. గోధుమపిండిని నీళ్లతో గట్టిగా కలిపి, తేమ మిగలకుండా కాల్చిన ఆ రొట్టెను హార్డ్‌ట్యాక్ అంటారు. పంటితో కొరకటం కష్టమైన ఆ రొట్టె నెలల తరబడి నిల్వ ఉండేది కాబట్టి సముద్రయానాలకు అదే ధాన్యం, అదే అన్నం. ఉప్పు పంది మాంసం, ఉల్లి, ఎండురొట్టె ఓడ సరుకులు కాగా, చేప ఒక్కటే ఆ పూట వలకు దక్కినది. నేడు చౌడర్‌కు ప్రాణమని భావించే పాలు, బంగాళాదుంప, గుల్లలు, టమాటా అనే నాలుగింటిలో ఒక్కటీ ఆ తొలి విధానంలో కనిపించదు.

మిగిలిన దినుసులు ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. 1829లో లిడియా మరియా చైల్డ్ ప్రచురించిన ద ఫ్రూగల్ హౌస్‌వైఫ్ అనే పుస్తకంలోని చౌడర్‌లో బంగాళాదుంప ఉంది. నిమ్మ ముక్కలు, టమాటా కెచప్, బీరు ఇష్టాన్నిబట్టి వేసుకోవచ్చన్న సూచన ఉంది. గుల్లలు కొన్ని వేస్తే బాగుంటుందని మాత్రమే ఉంది. 1851లో వెలువడిన హెర్మన్ మెల్విల్ నవల మోబీ డిక్‌లో చౌడర్ పేరుతోనే ఒక అధ్యాయం ఉండగా, అందులోని నాంటకెట్ దీవి పూటకూళ్ల ఇంట్లో గుల్లల చౌడరా, కాడ్ చేప చౌడరా అన్నదే అతిథులు తేల్చుకోవలసిన విషయం. 1896లో ఫ్యానీ ఫార్మర్ రాసిన బోస్టన్ కుకింగ్ స్కూల్ కుక్ బుక్ నాటికి గుల్లల చౌడర్‌లో నాలుగు కప్పుల పాలు, ఎనిమిది క్రాకర్లు స్థిరపడ్డాయి. ఓడ దిగి, ఆవులున్న పల్లె వంటింటికి చేరిన తరువాతే చౌడర్ తెల్లబడింది.

తెల్ల కప్పు: పాలు, గుల్లల ఊట

న్యూ ఇంగ్లండ్ అంటే అమెరికా ఈశాన్య మూలనున్న మసాచుసెట్స్, మెయిన్, రోడ్ ఐలండ్ తదితర ఆరు రాష్ట్రాల ప్రాంతం. ఆ పేరుతో ప్రసిద్ధమైన తెల్ల చౌడర్‌కు ఆధారం క్లామ్, అంటే రెండు చిప్పల మధ్య ఒదిగి ఇసుకలోనో బురదలోనో బతికే గుల్ల. అట్లాంటిక్ తీరంలో ఇందుకు పేరుపొందిన జాతిని క్వాహాగ్ అంటారు. ఆ మాట అక్కడి ఆదివాసులైన నారగాన్‌సెట్ ప్రజల భాష నుంచి వచ్చింది. ఈ గుల్ల లోపలి ఊదారంగు అంచుతో వారు పూసలు చెక్కి, వాటిని వాంపమ్ పేరుతో గౌరవచిహ్నాలుగా, ఒప్పందాలకు సాక్ష్యాలుగా వాడేవారు. వలసవాసులు ఆ పూసలనే డబ్బుగా చలామణీ చేశారు. 1758లో ఈ జాతికి శాస్త్రీయ నామం పెట్టిన శాస్త్రవేత్త లిన్నేయస్, కూలి డబ్బుకు సంబంధించిన మెర్సినేరియా అన్న లాటిన్ మాటను ఎంచుకోవటంలో ఆ మారకపు విలువ ప్రతిధ్వనిస్తుంది.

క్వాహాగ్‌లను పరిమాణాన్నిబట్టి లిటిల్‌నెక్, చెర్రీస్టోన్ వంటి పేర్లతో అమ్ముతారు; అన్నిటికంటే పెద్ద రకానికి మార్కెట్‌లో ఉన్న పేరే చౌడర్. చిన్నవి మెత్తగా ఉంటాయి కనుక వాటిని పచ్చిగానో ఆవిరి మీద ఉడికించో ఎక్కువ ధరకు తింటారు; ముదిరిన పెద్ద గుల్ల నమలటానికి గట్టిది కావటంతో దాన్ని సన్నగా తరిగి చౌడర్‌లో వేస్తారు. ఖరీదైన భాగం అమ్ముకున్నాక మిగిలినదాన్ని రుచిగా మలిచే నేర్పు పేదింటి వంటలన్నిటికీ ఉమ్మడి విద్య. చౌడర్ ఆ విద్యలో పుట్టిన వంటకం.

తెల్ల చౌడర్ మంచిదో కాదో తెలుసుకోవటానికి చెంచాతో ఒకసారి అడుగునుంచి పైకి తిప్పి చూస్తే చాలు. పైన వెన్న, పంది కొవ్వు కరిగి ఆవగింజంత బంగారు చుక్కలుగా తేలుతుండాలి. బంగాళాదుంప ముక్కల అంచులు కొద్దిగా అరిగి, మధ్యభాగం మాత్రం నిలిచి ఉండాలి. చెంచాను పైకెత్తితే రసం దాని వెనుక భాగానికి పలుచటి తెరలా అంటుకోవాలే తప్ప ముద్దగా వేలాడకూడదు. బంగాళాదుంప అంచులు కరిగి వదిలే పిండిపదార్థం సహజమైన చిక్కదనాన్ని ఇస్తుంది. వెన్నలో మైదా వేయించి చేసే రూ అనే చిక్కబరిచే మిశ్రమం ఎక్కువైతే చెంచా నిలబడేంత జిగురు వచ్చి, సముద్రపు రుచి దాని కింద అణగిపోతుంది.

ఆ రుచికి మూలం గుల్ల మాంసం కంటే ఎక్కువగా గుల్లల ఊట. ఆవిరి తగిలి చిప్పలు విచ్చుకున్నప్పుడు కారే ఉప్పటి రసాన్ని ఇసుక లేకుండా వడకట్టి పోయటమే చౌడర్‌లో అసలు కిటుకు. గుల్లల్లో సహజంగా ఉండే సక్సినిక్ ఆమ్లం, గ్లుటమేట్ కలిసి ఇచ్చే నిండైన రుచి ఆ ఊటలోనే చేరుతుంది. గుల్ల ముక్కలు మాత్రం చివరలో పడాలి. ఎక్కువసేపు మరిగితే వాటిలోని ప్రోటీన్లు ముడుచుకుని ముక్క రబ్బరులా సాగుతుంది. పాలు పోశాక గిన్నెను మరగనివ్వకపోవటం మరో నియమం. వేడి మితిమీరితే పాలలోని ప్రోటీన్లు గడ్డకట్టి రసం విరిగిపోతుంది. ఫిఫ్టీ చౌడర్స్ అనే పుస్తకం రాసిన జాస్పర్ వైట్ వంటి నిపుణులు, దించిన చౌడర్‌ను కొంతసేపు కదపకుండా ఉంచి తరువాత మెల్లగా వేడిచేసి వడ్డించాలంటారు. చేపల పులుసు మర్నాటికి మరింత రుచి పడుతుందని తెలిసిన తెలుగువారికి ఈ మాటకు వివరణ అక్కరలేదు.

ఎర్ర కప్పు: టమాటా మీద తగాదా

రెండో కప్పులోని మన్‌హాటన్ చౌడర్‌లో పాలు ఉండవు. టమాటా, సెలరీ, క్యారెట్, థైమ్ ఆకు కలిసిన పలుచటి ఎర్ర రసంలో గుల్లలు తేలుతుంటాయి. టమాటా వాడకం రోడ్ ఐలండ్‌లో స్థిరపడిన పోర్చుగీసు వలస జాలర్ల నుంచి వచ్చిందన్న అభిప్రాయం బలంగా ఉంది. న్యూయార్క్ చేపల మార్కెట్ చుట్టూ, కోనీ ఐలండ్ తీరంలో ఈ ఎర్ర చౌడర్ ఆ నగరపు పేరు స్థిరపడకముందే అమ్ముడుపోయింది. మన్‌హాటన్ అన్న పేరు 1930ల్లో వాడుకలోకి వచ్చాక, ఆ పేరుతోపాటే తగాదా కూడా ముదిరింది. గుల్లల చౌడర్‌లో టమాటా వేయటాన్ని చట్టవిరుద్ధం చేయాలంటూ 1939లో మెయిన్ రాష్ట్ర శాసనసభలో ఒక బిల్లు వచ్చిందంటే, దినుసు ఏ స్థాయిలో ప్రాంతీయ అభిమానానికి గుర్తుగా మారిందో గ్రహించవచ్చు.

టమాటా చౌడర్‌కు పరాయిదన్న వాదన చరిత్ర ముందు నిలవదు. మెయిన్ బిల్లుకు 110 ఏళ్ల ముందే చైల్డ్ పుస్తకంలో టమాటా కెచప్ ఉంది, అదే పుస్తకంలోని చౌడర్‌లో పాలు లేవు. ఏది ముందు వచ్చిందన్నదే కొలమానమైతే ద్రాక్షసారా పోసిన 1751 నాటి పాత్ర ముందు తెల్లదీ ఎర్రదీ రెండూ కొత్తవే. పుల్లని రసంలో గుల్లల ఉప్పదనం మరింత స్పష్టంగా తెలుస్తుంది. పాలు ఆ ఉప్పదనాన్ని మెత్తబరిచి నాలుక మీద ఎక్కువసేపు నిలుపుతాయి. చింతపండు పులుసులో ఉడికిన చేపకూ, కొబ్బరి పాలలో ఉడికిన చేపకూ తేడా ఎరిగినవారు ఇందులో ఏదో ఒకదాన్ని తప్పు పట్టరు.

ఈ రెంటికీ మధ్య సియాటిల్ కప్పుల్లో సాధారణంగా కనిపించని మూడో శాఖ రోడ్ ఐలండ్‌లో ఉంది. పాలూ టమాటా రెండూ లేకుండా గుల్లల ఊట, నీళ్లు, ఉల్లి, బంగాళాదుంప, ఉప్పు పంది కొవ్వుతో చేసే ఆ తేట చౌడర్ చారులా పారదర్శకంగా ఉంటుంది. దాని పక్కన గుల్లలు తరిగి వేసిన వేడి వేడి పిండి ఉండలను నంజుకుంటారు. తొలినాటి ఓడ వంటకు రుచిలో దగ్గరి బంధువు అదే.

పసిఫిక్ తీరపు చేర్పులు

మిగిలిన రెండు కప్పులను పసిఫిక్ తీరపు చేర్పులతో నింపుకుంటే ప్రయాణం పూర్తవుతుంది. వాయవ్య అమెరికా నదుల్లో సాల్మన్ చేపకు ఉన్న స్థానం గోదావరికి పులస ఉన్నట్టిదే. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టటానికి నదికి ఎదురీదే ఆ చేపను కోస్ట్ సేలిష్ తెగల ప్రజలు తరతరాలుగా పొగబెట్టి నిల్వచేసుకున్నారు. పోస్ట్ ఆలీలోని సాల్మన్ చౌడర్‌లో పొగబెట్టిన సాల్మన్‌తోపాటు క్రీమ్ చీజ్, కేపర్లు పడతాయి. కేపర్లంటే మధ్యధరా ప్రాంతపు ఒక పొద మొగ్గలను కోసి ఉప్పులోనో వెనిగర్‌లోనో ఊరబెట్టినవి. ఈ మూడింటి కలయిక న్యూయార్క్ యూదుల దుకాణాల్లో బేగెల్ అనే చిల్లు రొట్టె మీద దశాబ్దాలుగా ప్రసిద్ధం. రొట్టె మీది పదార్థాన్ని గిన్నెలోకి దించి బంగాళాదుంపతో ఉడికించటం ద్వారా తూర్పు తీరపు నగర జీవితం పసిఫిక్ చేపను కలుసుకుంది. కేపర్ పంటికింద చిట్లినప్పుడల్లా చిమ్మే పులుపు, క్రీమ్ బరువును కోసుకుంటూ పోతుంది.

సీఫుడ్ బిస్క్ అనే మరో రకంలో కాడ్, సాల్మన్, చిన్న రొయ్యలు టమాటా క్రీమ్ రసంలో ఉడుకుతాయి. బిస్క్ అంటే నిజానికి రొయ్య, పీత జాతుల పెంకులను ఉడికించి, నూరి, వడకట్టి చేసే మెత్తటి ఫ్రెంచి సూప్. ఇక్కడ ఆ మెత్తదనంలో చౌడర్ ముక్కలు కలిశాయి. మామూలు పాలలో టమాటా పడితే పులుపుకు విరుగుతుంది, కానీ క్రీమ్‌లో కొవ్వు ఎక్కువ, ప్రోటీను తక్కువ కాబట్టి అది ఆ పులుపును తట్టుకుంటుంది. 1939లో ఒక శాసనసభ దాకా వెళ్లిన ఎరుపు తెలుపుల విభేదం ఈ లేత నారింజ రంగు కప్పులో చెంచాడు క్రీమ్‌తో తీరిపోయింది.

సియాటిల్ పరిసరాల్లోని బెల్‌వ్యూ, రెడ్‌మండ్ వంటి ఊళ్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల వల్ల స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం కాగా, చూడవచ్చిన తల్లిదండ్రులను పైక్ ప్లేస్ మార్కెట్‌కు తీసుకెళ్లటం వారి ఆనవాయితీ. వారికి రెండు విషయాలు ఉపయోగపడతాయి. తెల్ల చౌడర్‌లో పంది కొవ్వో, పొగబెట్టిన పంది మాంసమైన బేకనో ఉండటం మామూలు కాబట్టి, అది తిననివారు వడ్డించేవారిని ముందుగా అడిగి తెలుసుకోవాలి. శాకాహారులకు కొబ్బరి పాలు, నిమ్మజాతి పండు రసంతో చేసిన వీగన్ చౌడర్, అంటే జంతు సంబంధమైనది ఏదీ కలవని రకం, అక్కడ దొరుకుతుంది. చేప లేని చౌడర్ చౌడరేనా అన్న అనుమానం కొందరికి కలగవచ్చు. దుంప, కూరగాయ ముక్కలు విడివిడిగా నిలిచి, రసం వాటిని చిక్కగా చుట్టుకున్నంతవరకు పద్ధతి చెడలేదు కాబట్టి ఆ పేరు దానికి చెల్లుతుంది.

నాలుగు కప్పులు ముందున్నప్పుడు తినే వరుసకు కూడా ప్రాధాన్యం ఉంది. ఎర్రదానితో మొదలుపెడితే దాని పులుపు నోటిని సిద్ధం చేస్తుంది. తరువాత తెల్లది, ఆపైన బిస్క్ తిని, పొగ వాసన చాలాసేపు వదలదు కాబట్టి సాల్మన్‌ను చివరికి ఉంచుకోవటం మంచిది. వడ్డించగానే నోరు కాలేంత వేడిమీద గుల్లల తీపి తెలియదు. కప్పు చేతికి వెచ్చగా తోచేదాకా ఆగితేనే అది బయటపడుతుంది. వాసన చూసి, ముందు రసం ఒక్కటీ, తరువాత ముక్కతో కలిపీ తింటే ఏ రుచి ఊటది, ఏ రుచి ముక్కదన్నది విడిగా తెలుస్తుంది.

ఎండురొట్టె తిరిగి వచ్చిన తీరు

పసిఫిక్ తీరంలో చౌడర్‌ను రొట్టె గిన్నెలో వడ్డించటం కూడా ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో నగరం 1849 నాటి బంగారు వేట కాలం నుంచి పులిసిన పిండితో కాల్చే సార్‌డో రొట్టెకు పేరుపొందింది. గుండ్రని రొట్టె పైభాగం కోసి, లోపలి మెత్తటి భాగం తొలిచి, ఆ గుంటలో చౌడర్ పోసి ఇస్తారు. రసం పీల్చుకున్న ఆ లోపలి గోడలను చెంచాతో గీరుకు తినటంలోని సంతృప్తి చౌడర్ తొలి కాలానికి చెందినది. పాత్ర లోపల పొరగా ఉండిన రొట్టె ఇక్కడ పాత్రగానే మారింది.

కాగితపు కప్పుతో తినేవారికి అదే రొట్టె మరో రూపంలో అందుతుంది. కప్పు పక్కన ఒక చిన్న పొట్లంలో ఆయిస్టర్ క్రాకర్లు అనే గుండ్రటి, ఉప్పుగా ఉండే ఎండు బిస్కట్లు ఇస్తారు. రేగుపండు కంటే చిన్నవైన వాటిని చాలామంది అలంకారంగా భావించి పళ్లెంలోనే వదిలేస్తారు. 1751 నాటి పాత్రలోని ద్రాక్షసారా పోయింది, పొరలు పేర్చటం పోయింది, చేపకు బదులు గుల్ల వచ్చింది, ఎండురొట్టె పనిని బంగాళాదుంప తీసుకుంది. పనిలేకుండా పోయిన ఆ రొట్టె మాత్రం చిన్నదై, పొట్లంలో చేరి, ఇంకా చౌడర్ పక్కన కూర్చునే ఉంది. ఆ పొట్లం చించి, క్రాకర్లను వేళ్లతో నలిపి కప్పులో వేసి, అవి రసం పీల్చి మెత్తబడే నిమిషంపాటు ఆగి, అప్పుడు చెంచా ముంచే మనిషి ఒకనాటి ఓడ వంటవాడు వేసిన చివరి పొరను తన చేత్తో తిరిగి వేస్తున్నట్టే.